పొగదారి

నామ్ సుల్లే ఆ ఇల్లు కొంటోందని తెలిసినప్పుడు ఊళ్లో చాలామంది "కక్ష తీర్చుకుంటోంది" అన్నారు. అనరా మరి! పన్నెండేళ్ల పిల్లగా యూన్ వారి పెంకుటింట్లో వంటపనికి చేరి, ఇరవయ్యేళ్లు వచ్చేదాకా ఆ ఇంటి గిన్నెలు తోమిన మనిషి, డెబ్బై దాటాక అదే ఇంటికి యజమానురాలు కాబోతోందంటే ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆ ఇల్లు విడిచాక ఆమె యోసు రేవులో మలుగుచేపల పులుసు అమ్ముకుంటూ బతికిన మనిషి. భర్త సముద్రం మీద పోయాడు, పిల్లలు లేరు. మోకాళ్లు మొరాయించాక కొట్టు అమ్మేసి, ఉన్నదంతా కలుపుకుని, జిరి కొండ కిందున్న ఈ ఊరికి తిరిగి రావాలనుకుంది.

ఇల్లు అమ్ముతున్నది యూన్ ఇన్సుక్. ఆ ఇంటి ఆడపిల్ల. సుల్లే కన్నా రెండేళ్లు చిన్న. అన్న పోయాక ఇల్లు ఆమె పేరు మీదికి వచ్చింది కానీ, క్వాంగ్జు నగరంలో అపార్ట్‌మెంటు వదిలి ఈ కొంపకు వచ్చే ఉద్దేశం ఆమెకు లేదు. "ఇంటికి ధర కట్టను, స్థలానికి ఇచ్చింది చాలు" అంది బ్రోకరుతో. సుల్లే బయానా ఇచ్చింది. మిగతాది ఇచ్చేలోపు, బాగుచేయడానికి ఎంతవుతుందో ఒకసారి లెక్క కట్టించుకుంటానంది.

అలా నవంబరులో ఒక పొద్దున ముగ్గురూ ఆ వాకిట్లో కలిశారు. మూడో మనిషి తక్ మేస్త్రీ. పాత ఇళ్లు బాగుచేయడంలో ఆ చుట్టుపక్కల పేరున్నవాడు, యాభై దాటినవాడు, నోరు ఊరుకోనివాడు.

ఆడవాళ్లిద్దరూ ఒకరినొకరు చూసి యాభై ఏళ్లు దాటింది. చిన్నప్పుడు ఇన్సుక్ "సుల్లే, నీళ్లు తే" అనేది. సుల్లే "చిన్నమ్మగారూ" అనేది. ఇప్పుడు ఏమని పిలుచుకోవాలో ఇద్దరికీ తెలియలేదు.

"ప్రయాణం... బస్సులోనేనా?" అంది ఇన్సుక్.

"ఆ. బస్సులోనే."

"చలిగా ఉంది."

"ఈ ఊళ్లో ఇంతేగా."

నువ్వు అనకుండా, మీరు అనకుండా ఎంతసేపు మాట్లాడగలరో అంతసేపు మాట్లాడి, ఊరుకున్నారు.

తక్ నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కాడు. నాచు పట్టిన పెంకులు అతని చెప్పు తగిలితే జారుతున్నాయి. వెనకవైపు కప్పులో ఒకచోట మనిషి దూరేంత కంత పడింది. దాని కిందున్న నడవాలో చెక్క నేల నానీ నానీ నల్లబడి మెత్తగా అయిపోయింది. దిగివచ్చి స్తంభాలను ఒక్కొక్కటే పిడికిలితో తట్టుకుంటూ పోయాడు. కొన్నిచోట్ల టంగుమంది. కొన్నిచోట్ల గుల్లగా పలికింది. ఒక స్తంభం మొదట్లో ఇనుప చువ్వతో పొడిస్తే తవుడులోకి దిగినట్టు దిగిపోయింది.

"చెద తిన్నంత తిని, మిగిలింది తేమకి వదిలేసింది" అన్నాడు. "ఈ ఇంటిని నిలబెడుతున్నది స్తంభాలు కాదమ్మా, అలవాటు!"

సుల్లే నవ్వింది. ఇన్సుక్ నవ్వలేదు.

"దూలం?" అని అడిగింది సుల్లే.

"దూలానికి ఢోకా లేదు. మా తాత కూడా ఇలాంటి కర్ర చూసుండడు. నాలుగు స్తంభాల మొదళ్లు మూర మేర కోసేసి కొత్త కర్ర అతకాలి. వెనక కప్పు మొత్తం దించాలి. గోడలకి మట్టి మెత్తాలి. ఉన్నమాట చెప్పమంటావా అమ్మా? ఇదంతా తోసేసి, రేకు పలకలతో కొత్త ఇల్లు వేసుకుంటే ఇందులో పావు వంతుకి అయిపోద్ది. వేడినీళ్లు, ఇంట్లోనే మరుగుదొడ్డి. నీ వయసుకి అదే సుఖం."

"నా వయసు సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు లెక్క కట్టు."

"కడతాను, కడతాను. నేలలు చూడాలిగా ఇంకా. పొగ పెట్టి చూద్దాం."

అక్కడి పాత ఇళ్లలో గది వెచ్చబడేది నేల కిందనుంచి. వంటింటి పొయ్యిలో వేసిన మంట వేడి, గది నేల కింద పరిచిన బండల మధ్య సందుల్లోంచి పాకి, అవతల గొట్టంలోంచి పొగై పోతుంది. ఏ నేల బాగుందో ఏది చెడిందో చూడాలంటే మంట వేసి, పొగ ఎక్కడ కారుతోందో చూడడమే.

పెద్దగదికి మంట వేసింది సుల్లేనే. తక్ వేస్తానంటే వినలేదు. పొయ్యి ముందు గొంతుకూర్చుని, ఎండు పైన్ ఆకు పోగేసి, సన్న పుల్లలు పేర్చి అగ్గిపుల్ల గీసింది. ఎనిమిదేళ్లపాటు తెల్లవారకముందే లేచి ఆమె చేసిన పని అది. చేతులు ఏమీ మరిచిపోలేదు. కాసేపటికి ఇంటి వెనక గొట్టంలోంచి పొగ లేచింది. గది మూలన ఒక పగులులోంచి కొంచెం కారింది, అంతే.

"ఇన్నేళ్ల తర్వాత కూడా ఎలా లాగుతోందో చూడు!" అన్నాడు తక్ మెచ్చుకోలుగా. "ఈ నేలకి పెద్ద ఖర్చు లేదు."

తర్వాత వాకిలి పక్కనున్న చిన్నగదికి వెళ్లారు. పనివాళ్ల గది. సుల్లే పడుకున్న గది. కాగితం తలుపు చిరిగి చట్రం మాత్రం మిగిలింది. నేల మీది నూనెకాగితం ఎప్పుడో ఊడిపోయి, మట్టి నేల అడ్డదిడ్డంగా పగిలి ఉంది. బయట పెద్ద బాన పెట్టే పొయ్యి. పశువుల కుడితి అందులోనే కాచేవాళ్లు. సుల్లే అందులోనూ మంట వేసింది. మంట బాగా అందుకుంది. పక్కనే ఉన్న గొట్టంలోంచి పొగ వెంటనే లేచింది.

తక్ గదిలోకి వెళ్లి నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. వంగి పగుళ్ల మీద అరచెయ్యి పెట్టాడు. మోకాళ్ల మీద పాకుతూ నాలుగు మూలలా చూశాడు.

"ఇదేంటి? ఇంత పగిలిన నేలలోంచి ఒక్క పోగు పొగ కూడా రాదేంటి?"

"బాగుందన్నమాట" అంది ఇన్సుక్ గుమ్మంలోంచి.

"బాగుంటే వెచ్చబడాలిగా అమ్మా. చల్లగా రాయిలా ఉంది." సుల్లే వైపు తిరిగాడు. "కొంచెం పగలగొట్టనా?"

ఆమె తలూపింది.

గునపంతో నాలుగు పోట్లు పొడిచేసరికి పైమట్టి లేచింది. దాని కింద బండలు కనిపించాలి. కనిపించలేదు. పచ్చమట్టి, దిమ్మిస కొట్టి గట్టి చేసిన మట్టి. ఇంకొంచెం అవతల తవ్వాడు. అక్కడా మట్టే. పొయ్యి వైపునుంచి తవ్వుకుంటూ వచ్చి, మంట లోపలికి పోవలసిన చోట టార్చి వేశాడు. ఒక పలకరాయి నిలువుగా పాతి ఉంది, తలుపు మూసినట్టు. దాని ఇవతల పొగ పక్కకు తిరిగి, నేరుగా గొట్టంలోకి పోతోంది.

"పొయ్యి కుడితి కాయడానికే" అన్నాడు తక్ మెల్లగా. "గదికి దారి లేదు. మూసేశారు."

సుల్లే గుమ్మం పట్టుకుంది.

"కట్టెలు ఇంకా ఎక్కువ పెడితే?"

"ఎన్ని పెడితే ఏంటమ్మా? కొండ మీది అడవంతా తెచ్చి పెట్టినా ఈ నేల వేడెక్కదు. గోడ పక్కన జానెడు మేర గోరువెచ్చగా ఉంటుందేమో, అంతే."

"జానెడు" అంది సుల్లే. "అవును. అక్కడే పడుకోబెట్టేదాన్ని దాన్ని."

తర్వాత ఆమె అక్కడే, తవ్విపోసిన మట్టి పక్కనే కూర్చుంది.

ఆమెకో చెల్లెలుండేది. మల్లే. తల్లి పోయాక, ఎవరూ ఉంచుకోలేదని, సుల్లే అడగ్గా అడగ్గా యజమానురాలు ఒప్పుకుంది, తిండికి మించి ఏమీ అడగకూడదన్న షరతు మీద. ఆరేళ్ల పిల్ల. ఆ గది ఏ చలికాలమూ సరిగా వెచ్చబడేది కాదు. ఆ ఏడు పిల్ల కోసం సుల్లే ఇంకో మొద్దు, ఇంకో మొద్దు వేసేది. ఒక సాయంత్రం యజమానురాలు కట్టెల పాకలోకి తొంగిచూసి, "రాజుల కూతుళ్లలా తగలేస్తున్నారే! రేపటినుంచి నన్నడిగి తీసుకో" అంది. ఆ రోజు మల్లేకి దగ్గు. జ్వరం కూడా తగిలింది. అడగడానికి భయపడి, సుల్లే తక్కువ కట్టెలు పెట్టింది. పిల్లని గోడ పక్కకు జరిపి, తన దుప్పటి కూడా కప్పి, ఒంటితో కావలించుకుని పడుకుంది. నాలుగో రోజుకి పిల్ల పోయింది.

ఇన్నేళ్లూ ఆమె గుండెలో ఉన్నది ఒక్కటే మాట: ఇంకో మొద్దు వేసుంటే బతికేది. భర్తకు కూడా చెప్పలేదు. రేవులో అర్ధరాత్రి పులుసు పొయ్యి వెలిగించేటప్పుడల్లా కావలసినదానికన్నా ఎక్కువ కట్టెలు వేసేది. పక్క కొట్లవాళ్లు, "సుల్లే పొయ్యి దగ్గరికి పోతే చొక్కా అంటుకుంటుంది" అని ఆటపట్టించేవాళ్లు.

"మా నాన్న అలాంటి మనిషి కాదు" అంది ఇన్సుక్ గట్టిగా. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అయినా అంది. "ఆ గదికి మొదటినుంచీ బండలే వేసుండరు. కట్టినవాడి తప్పు."

తక్ పెద్దగదిలోకి వెళ్లాడు. పొగ కారిన మూల దగ్గర మట్టి లేపి, లోపలికి చెయ్యిపెట్టి ఒక బండ పైకి తీశాడు. ఇన్సుక్ అతని వెనకాలే వెళ్లింది. సుల్లే కూడా లేచి వెళ్లింది.

"గది ఈ చివర రెండు వరసలున్నాయి" అన్నాడు. "వేడి ఎక్కువసేపు నిలవడానికి. పై వరస బండకి రెండువైపులా మసి ఉంది, చూడండి. మసి కింది వైపే పట్టాలి. ఇంకోచోట కాలిన బండల్ని పెకలించి తెచ్చి, తిరగేసి వేశారు."

చెప్పేసి, చెప్పకుండా ఉండాల్సిందేమో అన్నట్టు, ఇందాక కొలిచిన కిటికీనే మళ్లీ కొలవడం మొదలుపెట్టాడు.

ఇన్సుక్ ఆ బండనే చూస్తూ నిలబడింది.

"నానమ్మకి పక్షవాతం వచ్చిన ఏడు..." అంది. "నేనింకా బడిలో చేరలేదు. పనివాళ్లు వచ్చారు. గది చివరిదాకా వెచ్చగా ఉండాలని నాన్న ఏదో చేయించాడు. ఈ మూల నాది. నేనిక్కడే పడుకునేదాన్ని. వేడికి ఒక్కోసారి దుప్పటి తన్నేసేదాన్ని."

ఆ మాటలు తన నోటినుంచే రావడం ఆమె విని, ఆగిపోయింది.

"కట్టెలు తక్కువ పెట్టడం వల్ల కాదు" అంది సుల్లే, ఎవరితోనో చెబుతున్నట్టు. "ఎన్ని పెట్టినా చచ్చిపోయేదే."

"ఎవరు?"

"మల్లే. మా చెల్లెలు."

"చిన్నపిల్ల ఒకతె ఉండేది కదూ... మీ పెదనాన్న వాళ్లింటికి పంపించారని చెప్పింది మా అమ్మ."

"కొండ మీదికి పంపించారు" అంది సుల్లే. "మీ పాలేరు చాపలో చుట్టి తీసుకుపోయాడు. పూడ్చిన చోట దిబ్బ కూడా పెట్టలేదు. చిన్నపిల్లలకి పెట్టరు, అంతేగా."

ఇన్సుక్ ఆ బండ పక్కనే కూలబడింది.

సుల్లే మళ్లీ చిన్నగదిలోకి వెళ్లింది. తక్ గోడకు ఆనించిన గునపం తీసుకుంది. "అమ్మా, బరువు..." అనబోయి తక్ ఊరుకున్నాడు. ఆమె రెండు చేతులా ఎత్తి, అడ్డంగా పాతిన ఆ పలకరాయిని పొడిచింది. మళ్లీ పొడిచింది. తల మీది ఉన్ని టోపీ జారిపోయింది. నోటినుంచి ఏడుపు కాదు, బరువెత్తేవాళ్లు చేసే మూలుగు వస్తోంది. రాయి పగల్లేదు. కానీ చివరికి అటువైపు మట్టిలోకి ఒరిగిపోయింది. పొయ్యిలో ఇంకా ఆరని మంట పొగ ఆ సందులోంచి గదిలోకి ఎగదన్నింది. ముగ్గురూ దగ్గుకుంటూ వాకిట్లోకి వచ్చారు.

సుల్లే టోపీ పెట్టుకుని, సంచి తీసుకుని, బస్సు స్టాపు వైపు నడిచింది.

తక్ వేసిన ఎస్టిమేటు తర్వాతి వారం యోసు చేరింది. ఇల్లంతా సరిగ్గా బాగుచేయాలంటే పద్దెనిమిది కోట్ల వోన్లు. ఆమె దగ్గర స్థలం డబ్బు పోను మిగిలేది ఏడు కోట్లు. అంకెలు చూసి ఆమె కాగితం బియ్యం డబ్బా కింద పెట్టేసింది. ఆ రోజుల్లో ఆమె నిద్రపోయింది. అద్దెగదిలో ఒంటరిగా పగలంతా కూడా నిద్రపోయింది, ఏళ్ల తరబడి బాకీపడ్డ నిద్రేదో ఒక్కసారిగా వచ్చి మీద పడ్డట్టు. లేచినప్పుడు ఒంట్లో తేలిక ఉండేది. ఆ వెంటనే కోపం వచ్చేది. ఎవరి మీద పడాలో తెలియని కోపం. పెద్దాయన లేడు, ఆయమ్మ లేదు, పక్షవాతపు ముసలామె లేదు. దుప్పటి తన్నేసిన పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చూసింది. అది నిలవలేదు.

ఇన్సుక్ ఫోన్ చేసింది.

"ఇల్లు తీసుకో... తీసుకోండి. డబ్బులేమీ వద్దు. బయానా కూడా తిరిగి పంపిస్తాను."

"ఊరికే ఇచ్చింది చాలమ్మా మన మధ్య" అంది సుల్లే. "ఎనిమిదేళ్లు ఊరికే చేశాను మీ ఇంట్లో. ఇంక ఊరికే ఏదీ వద్దు. స్థలం ధర అన్నావు, స్థలం ధరే ఇస్తాను."

"నా మనసు ఊరుకోదు."

"ఊరుకోకపోతే ఒక పని చెయ్యి. మల్లే పోయిన రోజు వస్తుంది, ఏడాది చివరి నెలలో. ఎప్పుడూ దానికి గిన్నెడు అన్నం పెట్టలేదు నేను. ఈసారి పెడదామనుకుంటున్నాను. రా. కొండ మీద ఆ చోటు వెతకాలి. నా ఒక్కదానికి కళ్లు చాలవు."

ఇన్సుక్ "వస్తాను" అంది. ఫోన్ పెట్టేముందు, "వస్తాను అక్కా" అంది.

ఆ మర్నాడే సుల్లే ఎస్టిమేటు కాగితం మడిచి, తక్ దగ్గరికి వెళ్లి, అతని బల్ల మీద పరిచింది.

"నా దగ్గర ఏడే ఉన్నాయి. ఏది తీసేద్దాం?"

"ఏడుతో ఇల్లెలా వస్తుందమ్మా? ఎద్దు అడిగితే తోక ఇస్తానన్నట్టుంది!"

"తోక పట్టుకునే ఏరు దాటినవాళ్లున్నారు. చెప్పు."

బేరం మధ్యాహ్నందాకా సాగింది. వెనక కప్పుకి పెంకులు వద్దు, రేకు చాలు. నడవా అలాగే ఉండనీ, టార్పాలిన్ పట్టా కప్పు. స్తంభాలు మాత్రం తప్పవు. పెద్దగది, వంటిల్లు. గోడల మట్టి మెత్తడానికి ఆమె కూడా చెయ్యి వేస్తుంది. పనివాళ్లకి మధ్యాహ్నం పులుసు ఆమెదే.

"మరి ఆ చిన్నగది కూల్చేద్దామా? కూలీ ఖర్చే" అన్నాడు తక్.

"వద్దు. దానికి బండలు వెయ్యి."

"బండలు కొనాలి. మంచివి దొరకడం కష్టం ఈ రోజుల్లో."

"కొనడమెందుకు? ఎక్కడున్నాయో చూశావుగా."

"అవి తీస్తే పెద్దగదిలో వేడి చివరిదాకా పోదమ్మా."

"పోకపోతేనేం? ముసలామె లేదుగా ఇప్పుడు. ఉన్న ముసలిదాన్ని నేనే, నాకు సగం గది చాలు."

తక్ పెన్సిలు చెవి మీదినుంచి తీసి, గొణుక్కుంటూ మళ్లీ లెక్క వేశాడు. కూలీలో కొంత తగ్గించాడు.

ఏడాది చివరికి ఇల్లు సగం ఇల్లుగా, సగం పట్టాలు కప్పిన సామానుగా ఉంది. మల్లే పోయిన తిథినాడు ఇన్సుక్ ఎండుచేపలు, పండ్లు మూటకట్టుకుని మొదటి బస్సుకే వచ్చింది. ఇద్దరూ కర్రలు పట్టుకుని కొండ ఎక్కారు. సుల్లే గుర్తుపెట్టుకున్న చెస్ట్‌నట్ చెట్లు ఎవరో ఎప్పుడో నరికేశారు. పొదల్లో, మంచులో చాలాసేపు వెతికారు. చోటు దొరకలేదు.

"ఇటా, అటా?" అంది ఇన్సుక్ ఆయాసపడుతూ.

"ఏమో. ఇక్కడే ఎక్కడో. ఆరేళ్లది, ఎంత చోటు పట్టి ఉంటుంది?"

చివరికి ఎండ పడుతున్న ఒక తావు చూసుకుని, చాప పరిచి, అన్నం, చేపలు, పండ్లు పెట్టారు. సుల్లే వంగలేకపోయింది. ఇన్సుక్ చెయ్యి పట్టుకుని ఆమెను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చుని నేలకు తల ఆనించింది. ఇన్సుక్ ఎంతకీ తల ఎత్తలేదు. సుల్లేనే ఆమె వీపు తట్టి, "లే, తడి లాగుతుంది" అంది.

దిగివచ్చి చిన్నగదిలో భోజనానికి కూర్చున్నారు. తక్ చెప్పినట్టు పొద్దున్నే మంట వేసి పెట్టింది సుల్లే. నేల మీది కొత్త కాగితం పసుపురంగులో మెరుస్తోంది. ఇన్సుక్ గుమ్మం దగ్గరే ముడుచుకుని కూర్చుంది.

"లోపలికి జరుగు. అక్కడ గాలి తగులుతుంది."

ఆమె వెచ్చటి నేల మీదికి జరిగింది. పులుసు చల్లారుతున్నా తినకుండా కాసేపు కూర్చుని, తలవంచుకునే అడిగింది.

"అక్కా, నాకు దాని మొహం గుర్తు రావట్లేదు. ఎంత ఆలోచించినా రావట్లేదు. ఎలా ఉండేది?"

ఈ మాట సుల్లేను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. చెంచా కింద పెట్టింది.

"మొహానికేముంది, అందరిలాగే. ముందు పళ్లు రెండూ ఊడాయి అప్పుడు. మీ ఇంట్లో మగబాతు ఉండేది, గుర్తుందా? అందరినీ తరిమి పొడిచేది?"

"ఆ, నన్నూ పొడిచింది!"

"మల్లేని మాత్రం పొడవలేదు. పెద్దవాళ్లు కనపడితే నేలదాకా వంగి దణ్ణం పెట్టమని నేను నేర్పాగా. బాతు ఎదురైతే ఆగి, చేతులు కట్టుకుని, నేలదాకా వంగేది. 'అయ్యగారూ, బువ్వ తిన్నారా' అని అడిగేది. పళ్లు లేక 'అయ్యగాలూ' అనేది. ఆ బాతు తెల్లబోయి నిలబడిపోయేది."

ఇన్సుక్ పకాలున నవ్వింది. వెంటనే చేత్తో నోరు మూసుకుంది. కళ్లు నిండిపోయాయి.

"నవ్వు, ఫరవాలేదు" అంది సుల్లే. "నవ్వించడానికే చేసేది."

బయట కొండ గాలి లేచింది. వెనక కప్పు మీద రేకు దడదడలాడింది. సుల్లే చెవి ఒగ్గి విని, "మేకులు పొదుపు చేశాడు తక్" అంది. "రేపు పిలిచి తిట్టాలి. తిను, చల్లారిపోతోంది."